కామాఠీపురా చరిత్ర ఎవరు మోయాలె

చరిత్రకారుడు: ముంబైల మన కామాఠీపురాను 1వ గల్లీ నుంచి 15వ గల్లీ దాక కూలగొట్టి కొత్తగ కట్టే పనికి సర్కారు ఇండ్ల సంస్థ మ్హాడా దిగింది బిడ్డా. దగ్గర దగ్గర 34 ఎకరాల జాగ. పలుగు పడ్డదంటే గోడలొక్కటే పోవు. గుడి మెట్ల కాడి దాతల పేర్లు పోతయి. అటక మీది మేస్త్రీల లెక్క పుస్తకాలు చెత్తబండి ఎక్కుతయి. తొంభై ఏండ్ల ముసలవ్వ ఏ విరార్ దిక్కో పోతది, ఇగ ఆమె మాట వినేటోళ్ళు దొరకరు. అందుకనే ఇప్పుడే రాయాలె, ఇప్పుడే రికార్డు చెయ్యాలె. కొత్త బిల్డింగుల నడుమ ఒక గది ఈ వాడ చరిత్రకు ఇయ్యాలె. పేరు మాత్రం కామాఠీపురా అనే ఉండాలె.

గల్లీబిడ్డ: రాసుకో కాకా, అడ్డం వచ్చేటోళ్ళు ఎవరున్నరు? పేరు కాడనే నాకు పేచీ. కొలువుకు అర్జీ పెట్టేటప్పుడు చిరునామా దగ్గర నా చెయ్యి ఆగుతది. నాగ్‌పాడా అని రాస్త, లేదంటే ముంబై సెంట్రల్ అని రాస్త. 400008 పిన్‌కోడ్ వేస్తే ఉత్తరం చేరుతది. రాత్రిపూట టాక్సీ ఎక్కితే ఒక సందు ముందే దిగుత. ఈ పేరు మొగోని మీద ఒక తీరుగ పడ్తది, ఆడదాని మీద ఇంకో తీరుగ పడ్తది. నువ్వు సభల నిలబడి కామాఠీపురాల పుట్టిన అంటే చప్పట్లు కొడ్తరు. అదే మాట నేనంటే నన్ను కిందికీ మీదికీ చూస్తరు. నువ్వు దాచుదామంటున్న ఆస్తికి వడ్డీ కడుతున్నది నాలాంటోళ్ళు.

చరిత్రకారుడు: ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేటందుకే కదా నేను రాసేది. మహాలక్ష్మి కాడ సముద్రం లోపలికి రాకుండ హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పడ్డది, 1784 నాటికి. కట్ట పడ్డంక లోపలి పల్లపు భూములు మెల్లమెల్లగ తేరినయి. 1793ల బెలాసిస్ రోడ్డు పడ్డది. నిజాం రాజ్యం నుంచి కూలి పనికి వచ్చిన మనోళ్ళు 1795 ప్రాంతంల ఆ రోడ్డుకు దక్షిణం దిక్కున గుడిసెలు వేసుకున్నరు. ఊరు ఇంకా ఊరు కాకముందు సంగతి ఇది. మన్ను మోసిన్రు, రాయి కొట్టిన్రు, సున్నం కలిపిన్రు. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని మన దిక్కు అంటరు చూడు, ఆ మూడింట్ల బొంబాయికి పడ్డ తొవ్వే అన్నిటికన్న పాతది. దుబాయికి విమానం ఎక్కే పోరనికి, తనకన్న రెండు వందల ఏండ్ల ముందు నడిచి వచ్చినోళ్ళు ఉన్నరని తెలువద్దా?

గల్లీబిడ్డ: తెలువాలె. కాని ఆ 1795 అనే లెక్క నీకు ఎవరిచ్చిన్రు?

చరిత్రకారుడు: బొంబాయి గెజిటీర్. ఎస్.ఎం. ఎడ్వర్డ్స్ రాసింది, 1909-10ల అచ్చయింది. నువ్వు అడుగుతవని నాకు ఎరుకే. అదే ఎడ్వర్డ్స్ 1909 నుంచి 1916 దాక ఈ నగరానికి పోలీస్ కమిషనర్. మన తాతలు ఎప్పుడు వచ్చిన్రో చెప్పింది ఆయనే, మన గల్లీలల్ల ఎవరెవరు ఉండాల్నో నడిపించింది ఆయన డిపార్టుమెంటే. అంతకు ముందే 1868ల అంటురోగాల చట్టం తెచ్చి, ఒళ్ళమ్ముకునే దందాల ఉన్న ఆడోళ్ళ పేర్లు రిజిస్టర్లకు ఎక్కించిన్రు, తనిఖీలు చేసిన్రు. సిపాయిలకు, ఓడ సరంగులకు జబ్బులు రాకుండ చూసుకునుడే సర్కారు ఆలోచన. యూరపు నుంచి తెచ్చిన ఆడోళ్ళను సుక్లాజీ వీధిల పెట్టిన్రు, దానికి సఫేద్ గల్లీ అని పేరు పడ్డది. ఊరంత చెదిరి ఉన్న దందా ఈ నాలుగు రోడ్ల నడుమకు ఎట్ల ఒత్తుకొచ్చిందో అశ్విని తాంబే 2009ల వచ్చిన పుస్తకంల విడమరచి రాసింది. అంటే ఏంది? ఈ వాడ గురించి మిగిలిన కాయితాల్ల ఎక్కువ పాళ్ళు పోలీసోళ్ళవి, డాక్టర్లవి. మనం రాయకపోతే రేపు మిగిలేది ఆ రాతే.

గల్లీబిడ్డ: నువ్వు ఆ ముచ్చట చెప్పేటప్పుడు నీ గొంతుల ఒక తేలిక ఉంటది కాకా. దందా మనది కాదు, మన మీద పడ్డది అన్న తేలిక. తెలుగు కూలీలు ముందు వచ్చిన్రు, పుణ్యాత్ములు. ఆ ఆడోళ్ళు తర్వాత వచ్చిన్రు, ఎవరో పంపితే వచ్చిన్రు. నీ గదిల మేస్త్రీ తాపీ పెడ్తవు, బతుకమ్మ ఫోటో పెడ్తవు, బోనాల ఫోటో పెడ్తవు. ఆ ఆడోళ్ళను ఎక్కడ పెడ్తవు? నూటయాభై ఏండ్లు ఒకే నల్లా కాడ నీళ్ళు పట్టుకున్నోళ్ళు. నేను పేరు మార్చుమంటే చరిత్ర తుడుస్తున్నవని నన్నంటవు. నువ్వు పేరు ఉంచి మనుషులను తుడుస్తున్నవు.

చరిత్రకారుడు: తుడుస్తలేను. మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టాలంటున్న. ఇన్నేండ్లు ప్రపంచం రెండో అధ్యాయం ఒక్కటే చదివింది. మేరీ ఎలెన్ మార్క్ వచ్చి పక్క ఫాక్‌లాండ్ రోడ్డు ఫోటోలు తీసింది, 1981ల పుస్తకమైంది. గోల్‌పీఠా పేరుతోని నామ్‌దేవ్ ఢసాల్ 1972ల మరాఠీ కవిత్వాన్నే కుదిపిండు. అవి గొప్పవి కావు అంటలేను. కాని ఆ రెండిట్ల మన సున్నపు తట్ట ఎక్కడున్నది? ఇగ సినిమాల సంగతి నీకే బాగ తెలుసు.

గల్లీబిడ్డ: తెలుసు. 2022 ఫిబ్రవరిల 'గంగూబాయి కాఠియావాడి' వచ్చేటప్పుడు, ఈ వాడ పేరు అందుల నుంచి తియ్యాలె లేదంటే మార్చాలె అని మన ఎమ్మెల్యే అమీన్ పటేల్ హైకోర్టుకు పోయిండు, వాడ మనిషి ఇంకొకరు గూడ పోయిన్రు. కోర్టు కొట్టేసింది. నేనొక్కదాన్నే పిచ్చిగ మాట్లాడుతున్న అనుకోకు. ఇక్కడ బతికేటోళ్ళు కోర్టు మెట్లు ఎక్కి మరీ అడిగిన మాట ఇది.

చరిత్రకారుడు: ఆ కేసు నాకు వేరే తీరుగ కనబడ్తది. కోర్టుల నిలబడి మనం అడిగింది ఒక్కటే, ఆ పేరు పలుకకున్రి అని. ఈ పేరుకు ఇంకో కథ ఉన్నది, ఇదిగో పుస్తకం, ఇదిగో మ్యూజియం అని చూపెట్టే స్థితి మనకు లేకుండె. వద్దనుడు ఒక్కటే చేతుల ఉన్నోనికి ఎవరు విలువిస్తరు? పేరు మారిస్తే ఏమైతదో గూడ చూడు. బెలాసిస్ రోడ్డుకు జహంగీర్ బోమన్ బెహ్రామ్ మార్గ్ అని పేరు పెట్టిన్రు. గ్రాంట్ రోడ్డుకు మౌలానా షౌకత్ అలీ పేరు పెట్టిన్రు. టాక్సీ ఆయనకు ఏమని చెప్తవు? పాత పేరే చెప్తవు. బోర్డు మారుతది, నోరు మారదు.

గల్లీబిడ్డ: పెద్దోళ్ళ నోరు మారదు. నా బిడ్డ నోరు మారుతది. దానికి ఎనిమిదేండ్లు. కొత్త బిల్డింగుకు ఇంకో పేరుంటే అది ఆ పేరే చెప్తది, కాలేజీల అదే రాస్తది, ఒక్క క్షణం చెయ్యి ఆగకుండ రాస్తది. ఆ ఒక్క క్షణం కోసమే నా కొట్లాట. చరిత్ర పుస్తకంల కామాఠీపురా అనే రాసుకో. ఇంటి గేటు మీద ఎందుకు?

చరిత్రకారుడు: గేటు మీద లేని పేరు పుస్తకంల ఎన్నాళ్ళుంటది బిడ్డా? ఆ పుస్తకం ఎవరు తెరుస్తరు?

గల్లీబిడ్డ: అది నన్ను గాదు, నిన్ను నువ్వు అడుక్కోవాల్సిన మాట. ఏ భాషల రాస్తున్నవు? తెలుగుల. మున్సిపాలిటీ తెలుగు మీడియం బడులకు పిల్లలు పోవుడు తగ్గిపోయింది. ఇంట్ల తెలుగు మాట్లాడుతం, నా బిడ్డకు చదువ రాదు. హిందీ వస్తది, మరాఠీ వస్తది, ఇంగ్లీషు వస్తది. నువ్వు ఎవరి కోసం కాపాడుతున్నవో వాళ్ళకు నీ అక్షరం అందదు. హైదరాబాదుల సభ పెడితే అక్కడోళ్ళు శాలువ కప్పుతరు.

చరిత్రకారుడు: మరాఠీల గూడ వేస్త, ఆ మాటకొస్తే మరాఠీలనే ముందు వెయ్యాలె. మరాఠీ వాళ్ళకు గూడ తెలువని సంగతులు ఇందుల ఉన్నయి. జోతిబా ఫూలే 1873ల సత్యశోధక్ సమాజ్ పెట్టినంక బొంబాయిల ఆయన వెనుక నిలబడ్డది ఎవరు? రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వ్యంకు బాళూ కాళేవార్. అంత తెలుగోళ్ళే, చానామంది కాంట్రాక్టర్లే. ఫూలే గూడ కాంట్రాక్టు పనులు చేసినోడే గనక రాయి, సున్నం, కూలి బతుకు వాళ్ళకు ఇద్దరికీ తెలిసిన లోకం. పైసలిచ్చిన్రు, పని చేసిన్రు, బ్రాహ్మణుడు లేకుండ పెండ్లిండ్లు చేసుకునే ఉద్యమాన్ని బొంబాయిల నిలబెట్టిన్రు. మహారాష్ట్ర సంస్కరణ చరిత్రల మన పేర్లు ఇట్ల ఉన్నయని ఇటు తెలంగాణల ఎంతమందికి తెలుసు, అటు మరాఠీ బడుల ఎంతమందికి చెప్తున్నరు? బిడ్డా, ఇది నీకు గర్వం గాదా?

గల్లీబిడ్డ: గర్వమే. నిజంగ గర్వమే, ఇది ముందే చెప్పి ఉంటే బాగుండు. కాని నువ్వు చెప్పిన పేర్లు మళ్ళ వినిపించు. ముగ్గురూ మొగోళ్ళు, ముగ్గురూ పేరున్నోళ్ళు. వాళ్ళ కింద తట్టలు మోసిన ఆడకూలీ పేరు ఒక్కటన్న చెప్తవా? ఆమె కూలి ఎంత, ఆమె పిల్లను ఏ ఇసుక కుప్ప పక్కన పండవెట్టింది? మాల మాదిగ ఇండ్ల నుంచి వచ్చినోళ్ళు ఏ గల్లీల ఉన్నరు, ఏ నల్లా కాడికి రానియ్యలేదు? సత్యశోధక్ పేరు చెప్పుకునే చరిత్రల ఈ ప్రశ్న అడుగకపోతే ఎట్ల?

చరిత్రకారుడు: అడుగాలె. జవాబు దొరుకుడే కష్టం. కాంట్రాక్టరు ఒప్పందం కాయితం ఆఫీసుల ఉంటది, గుడికి ఇచ్చిన చందా రాయి మీద ఉంటది, కూలి మనిషికి మస్టర్‌ల ఒక గీత ఉంటే ఎక్కువ. బొంబాయి గొప్ప కట్టడాలన్ని మనోళ్ళే కట్టిన్రని మన సంఘాల సభలల్ల చెప్తరు చూడు, దాన్ని నేను అట్లనే రాయను. కట్టినోళ్ళల్ల మనోళ్ళున్నరు, అదొక్కటే కాయితం ఒప్పుకుంటది. కోలీలు, మరాఠా కూలీలు, కచ్ మేస్త్రీలు – వీళ్ళ చేతులు గూడ ఆ రాళ్ళ మీద ఉన్నయి. కూలి తల్లి సంగతి రాయికి ఎక్కలేదు, మనుమరాలి నోట్ల ఉన్నది. ఆ మనుమరాలికి ఇప్పుడు ఎనభై. నా తొందర అదే.

గల్లీబిడ్డ: ఆ ఎనభై ఏండ్ల అవ్వకు ఏం కావాలె అని ఎప్పుడన్న అడిగినవా? ఆమెకు సండాసు ఇంట్ల కావాలె. వానకాలం వస్తే పైకప్పు ఎప్పుడు కూలుతదో అని నిద్రపోదు. అద్దెదారులకు 500 చదరపు అడుగుల ఇల్లు ఇస్తమంటున్నరు. ఆ మాట వింటే ఆమె కండ్లల్ల నీళ్ళు వస్తయి. వారసత్వం, కాపాడుడు అనే మాటలు ఇట్ల బయటికొస్తే ఆమె భయపడ్తది, ఎవడో పెద్దమనిషి వచ్చి ఈ బిల్డింగ్ పాతది, ముట్టద్దు అంటడేమో అని. మిల్లుల వాడ గిరణ్‌గావ్ సంగతి చూసినం కదా. 1982 జనవరిల సమ్మె మొదలైంది, రెండున్నర లక్షల మంది. మన పద్మశాలోళ్ళు గూడ ఆ మిల్లులల్ల మగ్గాల మీద ఉన్నోళ్ళే. మిల్లులు మూతపడ్డయి. 2004ల నీరా ఆడార్కర్, మీనా మీనన్ కార్మికుల మాటలన్ని ఏర్చి కూర్చి మంచి పుస్తకం తెచ్చిన్రు, నువ్వే ఇచ్చినవు, చదివిన. కన్నీళ్ళు ఆగలేదు. అయితే ఏమైంది? ఫీనిక్స్ మిల్లు జాగల మాల్ లేచింది. మాటలు చెప్పిన మనుషులల్ల ఇల్లు అందక ఇంకా తిరుగుతున్నోళ్ళు ఉన్నరు. చరిత్ర దక్కింది, జాగ దక్కలేదు. బిల్డర్లకు గూడ ఆ చరిత్ర పనికొస్తది కాకా. కింద ఒక గది నీకిచ్చి, బ్రోచర్ల దాని ఫోటో వేసుకుంటరు.

చరిత్రకారుడు: ఇల్లు ముట్టద్దని నేను ఏనాడు అనలేదు, అనను. కూలుతున్న చావడిని కాపాడుమనుడు పాపం. కాని పుస్తకం ఇల్లు ఇప్పించదు అన్నవు చూడు, ఆడ ఒక్క క్షణం ఆగు. ఇల్లు ఎవరికిస్తరు? ఇక్కడ ఉన్నట్టు రుజువు ఉన్నోనికి. పగిడీ రశీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఓటరు లిస్టు. తాత పేరు మీద రశీదు, తండ్రి చనిపోయిండు, చిన్నాయన భివండి పోయిండు, పేరు మారలేదు. ఇట్లాంటి ఇండ్లు గల్లీకి ఎన్ని లేవు? నేను ఇల్లిల్లు తిరిగి వంశం, కాయితం, ఫోటో జమ చేస్తున్ననంటే అది గదిల పెట్టేటందుకే అనుకుంటున్నవు. ఆ జాబితా రేపు అధికారి బల్ల మీద గూడ పని చేస్తది. మరిచిపోయినోని దగ్గర రుజువుండదు. రుజువు లేనోనికి ఇల్లుండదు.

గల్లీబిడ్డ: ఇది బలమైన మాట. దీనికి నా దగ్గర ఎదురు లేదు, ఒప్పుకుంటున్న. అయితే ఈ మాటను చివరిదాక తీసుకపో. గదిని చెక్కలతోని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో మంచం కిరాయికిచ్చిన ఇండ్లున్నయి. ఆ మంచం మీద ముప్పై ఏండ్లు బతికిన ఆమెకు రశీదు ఎవరిచ్చిన్రు? ఆమె పేరు గూడ ఆమె అసలు పేరు గాదు. నేపాల్ నుంచో, బెంగాల్ నుంచో, మన నిజామాబాద్ దిక్కు నుంచో వచ్చింది. వాపస్ పోయే ఇల్లు లేదు. ఎయిడ్స్ రోజులల్ల చానామంది పోయిన్రు, దందా తగ్గింది, మిగిలినోళ్ళు ముసలోళ్ళయిన్రు. రేపు గోడ కూలినప్పుడు చేతుల కాయితం లేకుండ రోడ్డు మీద నిలబడేది ముందు ఆమె. నీ ఇల్లిల్లు జాబితాల ఆమె ఇల్లు ఉన్నదా?

చరిత్రకారుడు: పోవాలనే ఉన్నది. పోతే ఆమె పేరు, ఫోటో నా దగ్గర ఉంటయి. అది ఎవరి చేతికి చిక్కినా ఆమెకు ముప్పే. 2022 మేల సుప్రీంకోర్టు గూడ అదే చెప్పింది, ఆ వృత్తిల ఉన్నోళ్ళ గుర్తింపు బయటపెట్టొద్దని, వాళ్ళకు ఆధార్ ఇయ్యాలని. ఊర్ల ఆమె కొడుకు ఉండొచ్చు, అమ్మ బొంబాయిల వంట పని చేస్తదని నమ్ముకున్నోడు. నా పుస్తకం అతని చేతుల పడితే? అందుకే వాళ్ళ కథ పేరు లేకుండ రాద్దామని నా ఆలోచన.

గల్లీబిడ్డ: అంటే కాంట్రాక్టర్లు పేర్లతోని, ఆడోళ్ళు పేర్లు లేకుండ. ఆ అంటురోగాల చట్టం రిజిస్టర్ల కన్న పేరుండె.

చరిత్రకారుడు: కఠినమైన మాట అన్నవు. అట్లని పేర్లు వేస్తే ఆమెకు కీడు, వెయ్యకపోతే ఆమె మళ్ళ నీడే. ఈ రెంటి నడుమ నాకు తొవ్వ దొరుకుత లేదు. ఒక ఉపాయం ఉన్నది: మాట రికార్డు చేసి, ఆమె చెప్పిన సంవత్సరం దాక తాళం వేసి పెట్టుడు. ఆమె పోయినంక ఇరవై ఏండ్లకు తెరువుమంటే అప్పుడే తెరువాలె. పెద్ద గ్రంథాలయాలు ఇట్ల చేస్తయి. అయితే తాళం నా జేబుల ఉంటే ఎవరు నమ్ముతరు?

గల్లీబిడ్డ: నమ్మరు. వాళ్ళ సంఘాలున్నయి, వాళ్ళ ఆడోళ్ళే నడిపేటివి. తాళం వాళ్ళకియ్యి. ఏది రాయాల్నో, ఏది వద్దో వాళ్ళే చెప్పాలె. ఇంకొకటి: మా అవ్వతోని గంటన్నర మాట్లాడినవు కదా, ఆ రికార్డు ఒక కాపీ మాకియ్యి. ఎన్జీవోలు వచ్చిన్రు, విదేశీ విద్యార్థులు వచ్చిన్రు, కెమెరాలోళ్ళు వచ్చిన్రు. అందరూ మాటలు తీసుకపోయిన్రు, ఒక్కరు గూడ వాపస్ తేలేదు. నువ్వు వాడ మనిషివి గనక నీకు తలుపు తీసినం.

చరిత్రకారుడు: కాపీ ఇస్త. తాళం సంగతి గూడ ఒప్పుకుంటున్న, మా సంఘం పెద్దమనుషులు గునిసినా సరే. మరి నువ్వు ఏం ఒప్పుకుంటవు?

గల్లీబిడ్డ: గదికి ఒప్పుకుంట. ఆ గది తలుపు మీద కామాఠీపురా అని రాసుకో. గేటుకు మాత్రం మీటింగుల వద్దనే అంట, ఇంటింటికీ తిరిగి పది మందితోని అనిపిస్త. నీకు ముందే చెప్తున్న, దాసుకునుడు లేదు.

చరిత్రకారుడు: నేను ఉండాలని తిరుగుత. అది అట్లనే కానియ్యి.

గల్లీబిడ్డ: ఇంకొక్కటి మిగిలింది, అందరూ దాటేసేది. పోలీసులు దందాను ఇక్కడికి తోలిన్రు అన్నవు. సరే. తోలినంక అది గాల్లె నిలబడలేదు కదా, ఇండ్లల్ల నడిచింది. ఆ ఇండ్ల కిరాయి ఎవరు తీసుకున్నరు? మూడు రెట్లు, నాలుగు రెట్లు కిరాయి. నువ్వు జమ చేసే పాత పుస్తకాలల్ల మన తెలుగోళ్ళ పేర్లే బయటపడితే, గుడికి చందా ఇచ్చిన పేరు, కిరాయి తీసుకున్న పేరు ఒక్కటే అయితే రాస్తవా?

చరిత్రకారుడు: రాస్త.

గల్లీబిడ్డ: 1956 చట్టం కింద దందాకు ఇల్లు కిరాయికిచ్చుడు నేరం. ఆ కుటుంబాల పిల్లలు ఇయ్యాల్ల డాక్టర్లు, టీచర్లు. నువ్వు రాస్తవని తెలిసిన దినం ఒక్క పెట్టె గూడ నీకు తెరుచుకోదు.

చరిత్రకారుడు: తెరుచుకోకపోతే ఫూలే గురించి గూడ రాయలేను, కూలి తల్లి గురించి గూడ రాయలేను. అన్నీ అవే పెట్టెలల్ల ఉన్నయి. కాని కిరాయి సంగతి దాసి రాస్తే నేను ఎడ్వర్డ్స్‌ను తప్పువట్టే హక్కు పోగొట్టుకుంట. ఎవరికి నొప్పి తగులుతదో చూసి నిజాన్ని కోసుకుంట పోతే చివరికి మిగిలేది సంఘం సావనీరు.

గల్లీబిడ్డ: మా తాత పెట్టె మా ఇంట్లనే ఉన్నది కాకా. అందుల ఎర్ర అట్ట కిరాయి పుస్తకం ఒకటి ఉన్నది. చిన్నప్పుడు ముట్టనియ్యకపోయేది, పెద్దయినంక నేనే ముట్టలేదు. ఇయ్యాల్ల నిన్ను ఇన్ని అడిగిన గనక నీకు దాన్ని ఇయ్యాలె. ఇస్తనని మాటియ్యలేకపోతున్న. అన్నదమ్ములు ముగ్గురున్నరు, వాళ్ళను అడుగాలె. ఇద్దరు వద్దంటరు.